తిరిగొచ్చే ఒడ్డు

ఫిబ్రవరి. తెల్లవారుజాము నాలుగున్నర. విశాఖ బీచ్ రోడ్డు మీద కారు భీమిలి వైపు పోతోంది. టాపు మీద చేపల వేటకి 12 అడుగుల కయాక్, దాన్ని బిగించిన బెల్టులు గాలికి బుర్రుమంటున్నాయి. మీరు పక్క సీట్లో కూర్చుని ఫోనులో ఇన్‌కాయిస్ వాళ్ల సముద్ర సూచన మరోసారి చూస్తున్నారు. సముద్రం ఊసే లేని హైదరాబాదులో కూర్చుని, మన తీరంలో ఏ పూట ఎంత అల లేస్తుందో లెక్కగట్టి చెప్పే సంస్థ అది. ఇవాళ అల ఎత్తు 0.7 మీటర్లు, అలకీ అలకీ మధ్య 12 సెకన్లు.

మొదటి అంకె చూసి సంబరపడకండి. అలల్లో బాగా ఎత్తుగా ఉండే మూడో వంతు తీసి, వాటికి కట్టిన సగటు అది. దానికి దాదాపు రెట్టింపు కెరటం కూడా ఒక పొద్దులో ఒకటో రెండో రాకుండా పోదు. అసలు చూడాల్సింది రెండో అంకె. దగ్గర్లో వీచే గాలి లేపిన అలకి అంత ఎడం ఉండదు. ఇది ఎక్కడో దక్షిణాన, హిందూ మహాసముద్రపు చివరన పుట్టి వేల కిలోమీటర్లు నడిచొచ్చిన అల. లోతు నీటిలో ఉన్నంతసేపూ ఉన్నట్టే తెలియదు. నేల తగిలాక లేచి నిలబడుతుంది.

ఆర్కే బీచ్ దగ్గర ఐదు నిమిషాలు ఆగుదాం. కయాక్ దింపడానికి కాదు, వినడానికి. వీధి దీపాల వెలుగులో నీటి అంచు కనబడుతోంది. ధబ్... కాసేపు ఏమీ లేదు... మళ్లీ ధబ్. అల తన ఎత్తు కంటే కాస్త ఎక్కువ లోతు దగ్గరికి రాగానే విరుగుతుంది. మీటరు అలయితే మీటరుంబావు నీళ్లలో అన్నమాట. నేల మెల్లగా వాలితే ఆ లోతు దూరంగా ఉంటుంది కాబట్టి కెరటం అక్కడే విరిగి, నురగగా దొర్లుకుంటూ, నీరసపడి ఒడ్డు చేరుతుంది. ఇక్కడ ఇసుక నిటారుగా దిగిపోతుంది. దూరంగా విరగాల్సిన కెరటం కాళ్ల దగ్గరకొచ్చి, ఉన్న బలమంతా ఒక్కచోట గుమ్మరిస్తుంది. మోకాలి లోతులో కయాక్ ఎక్కబోయేవాడికి అది తిన్నగా ఒళ్లోకే వస్తుంది. పైగా దక్షిణాన ఓడరేవు ముఖద్వారం, నౌకాదళం. అటు వైపు ఆలోచనే వద్దు. పదండి.

జోడుగుళ్లపాలెం. ఒడ్డున ఫైబర్ పడవలు వరసగా ఉన్నాయి. జాలర్ల పడవలు ఎక్కడుంటే అక్కడే దింపాలని మీకు ఎవరో చెప్పే ఉంటారు. సగమే నిజం. ఆ పడవకి ఇంజను ఉంది, తోయడానికి నలుగురున్నారు, కెరటం అడ్డమొస్తే చీల్చుకుని పోతుంది. ఇంకోటి, వాళ్లు పడవ పెట్టిన చోటు వాళ్ల ఇళ్ల ముందరి చోటు, చేపల వేలం పాట జరిగే చోటు. అలలొక్కటే చూసి ఎంచుకున్నది కాదు. నన్నడిగితే ఫైబర్ పడవ కంటే తెప్ప నమ్మదగిన సాక్షి. దుంగలు కట్టిన తెప్పని ఇద్దరు మనుషులు తెడ్లతో దాటించేవారంటే, అక్కడ చేతి బలంతో దాటే దారి ఉందన్నమాట. చిక్కేమిటంటే తెప్పలు ఇప్పుడు వెతికితే తప్ప కనిపించవు.

రుషికొండ దగ్గర మీరు కారాపమంటారని తెలుసు. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు తెచ్చుకున్న బీచ్, వంపు తిరిగిన ఒడ్డు, ఈ వేళకి పిట్ట మనిషి కూడా లేడు. పార్కింగు నుంచి నీళ్ల దాకా సుళువు. కానీ మీరు ఇక్కడికి తిరిగొచ్చేది తొమ్మిదిన్నరకి. అప్పటికి నడుము లోతు నీళ్లలో జనం. కెరటం ఎక్కిన 30 కిలోల ప్లాస్టిక్కు ఎవరి తలకి తగిలినా పగులుతుంది. ఆపక్కర్లేదు.

ఐదుంబావుకి మంగమారిపేట. ఎడమ పక్క చీకట్లో తొట్లకొండ, కుడి పక్క ఊరు, ఊరి వెనక హోరు. కారు దిగుతూనే కయాక్ విప్పకండి. అది మామూలు తొందర. ముందు ఖాళీ చేతులతో ఒడ్డుకి నడవాలి.

ఇసుక మీద టార్చి వేస్తే అడ్డంగా ఒక జాడ. నీళ్ల నుంచి పైకి ఎక్కి మళ్లీ నీళ్లలోకే దిగిపోయింది. రెండు పక్కలా చిన్న చిన్న గాడులు, మధ్యలో రాపిడి. రాత్రి ఆలివ్ రిడ్లీ తాబేలు గుడ్లు పెట్టడానికి వచ్చిపోయింది. జనవరి నుంచి ఈ తీరమంతా వాటి కాలం. జాడ ఎక్కడ ఆగి తిరిగిందో చూసుకుని, కయాక్ బండి చక్రాలు ఆ చోటికి దూరంగా పోయేలా దారి గుర్తుపెట్టుకోండి.

ఆరు కావస్తోంది. బూడిద రంగు వెలుగులో రాళ్లు తేలాయి. జనం ఫొటోలు దిగే రాతి తోరణం ఈ పక్కనే. నిన్న అమావాస్య. పోటుకీ పాటుకీ మధ్య మన తీరంలో ఇలాంటి రోజుల్లో మీటరున్నర దాకా తేడా ఉంటుంది. రాత్రి దిగిన నీరు ఇప్పుడు ఎక్కుతోంది, తొమ్మిది ప్రాంతానికి నిండుతుంది. కాబట్టి ఇప్పుడు నల్లగా, నాచుతో, స్పష్టంగా కనిపిస్తున్న ఈ రాళ్లలో సగం మీరు తిరిగొచ్చేసరికి నీటి కింద బెత్తెడు లోతులో ఉంటాయి. ఏ రాయి ఎక్కడుందో ఇప్పుడే ఫొటో తీయండి. సముద్రం వైపు రాళ్ల కొస ఎంత దూరం పోయిందో మరీ ముఖ్యం.

రాళ్లకి దక్షిణంగా చూడండి. అటూ ఇటూ తెల్లగా నురగ విరుగుతోంది. మధ్యలో పాతిక అడుగుల మేర నీరు విరగడం లేదు. కాస్త ముదురు రంగు, పైన చిన్న ముడతలు. కొత్తవాళ్లు ప్రశాంతంగా ఉందని స్నానానికి అక్కడే దిగుతారు. ప్రాణాలు పోయేది కూడా అక్కడే. ఒడ్డుకి కొట్టిన నీరంతా వెనక్కి పోవడానికి తవ్వుకున్న కాలవ అది. లోతు ఎక్కువ గనక కెరటం విరగదు, ప్రవాహం సముద్రంలోకి లాగేస్తుంది.

నమ్మకం కుదరకపోతే అదిగో, ఎండిన కొబ్బరి డొక్క. విసరండి. మొదట ఒడ్డు వెంట ఉత్తరంగా, మీరు నడిచేంత వేగంతో జరిగింది. కాలవ అంచు తగలగానే ఆగి, ఒకసారి గిర్రున తిరిగి, సముద్రం వైపు బయల్దేరింది. విరిగే వరస దాటి, వెడల్పయిన చోట మళ్లీ ఆగింది. ఈతగాడికి యముడైన ఈ నీరే పోయేటప్పుడు మీకు ఉచిత వాహనం. వచ్చేటప్పుడు మాత్రం ఇటు రాకూడదు. తెడ్డు వేసినకొద్దీ వెనక్కి లాగుతుంది.

"ఏటి బాబూ, ఆ పిలాస్టిక్కు తెప్పేసుకుని ఎల్తావేటి?"

వెనక ఒక ముసలాయన. భుజాన తాడు చుట్ట, వెనకాల పది పన్నెండు మంది.

"అవును తాతా. ఆ సందులోంచి పోదామని."

"ఎల్తే బేగి ఎల్లిపో. ఈ పక్క అలివి వలేస్తాం. తాళ్లు పడ్డాక మరి దారుండదు." ఆగి, మీ మొహం చూసి అడిగాడు. "ఎల్లీడానికేటి, ఎటేపునుంచైనా ఎల్లిపోవచ్చు. ఒచ్చీటప్పుడు ఎటేపొస్తావు?"

"రాళ్లకి అవతల, ఉత్తరం పక్క."

"ఊఁ. ఇటేపు మాత్రం రాకు. మా వల సింపీగలవు."

ఆయన బెంగ మీ గురించి కాదు, వల గురించి. న్యాయమే. అలివి వల అంటే ఒక కొస తాడు ఒడ్డునే ఉంచి, వలని పడవ మీద చుట్టూ తిప్పి వేసి, రెండో కొస తాడు కూడా ఒడ్డుకి తెచ్చి, రెండు జట్లు గంటలకొద్దీ లాగేది. ఆ అర్ధచంద్రం లోపల ఒడ్డు మొత్తం వాళ్లది. మ్యాపులో ఇవేవీ ఉండవు.

ఇప్పుడు ఉత్తరం పక్కకి నడిచి దిగే చోటు చూడండి. నీరు నిండినప్పుడు కెరటం తగిలేది ఇప్పుడు పొడిగా ఉన్న ఈ పై ఇసుకకి. కాబట్టి పై ఇసుక వాలు చూడాలి. ఇక్కడ నిటారు, బాగోలేదు. ఇంకో రెండు వందల అడుగులు పోతే బల్లపరుపుగా ఉంది, బాగుంది. కయాక్‌ని అంతకంటే పైకి పోనివ్వకండి. అటు ఐఎన్ఎస్ కళింగ, నేవీ స్థలం. చోటు తప్పిపోయి తేలాల్సిన ఒడ్డు కాదది.

ఇక గాలి. మీ వీపుకి చల్లగా తగులుతున్నది కొండల మీంచి దిగే నేల గాలి. అది నీటిని అద్దంలా చదును చేసి, మిమ్మల్ని మెల్లగా లోపలికి నెడుతూ ఉంటుంది. ఆ నెట్టడం తెలియదు. ఎండెక్కాక ఆగిపోయి, సముద్రపు గాలి మొదలవుతుంది. ఫిబ్రవరి గడిచేకొద్దీ అది దక్షిణం వైపు నుంచి, తీరం వెంట వీస్తుంది. అందుకే ముందు దక్షిణంగా, రుషికొండ వైపు తెడ్డు వేయాలి. ఒంట్లో సత్తువ ఉన్నప్పుడు దూరం పోవడం, అలిసిపోయాక గాలి వీపున పెట్టుకుని ఉత్తరంగా రావడం. రుషికొండలో దింపి ఇటు వచ్చి ఉంటే ఈ వరస తలకిందులయ్యేది.

కయాక్ దింపండి. గేలం కర్రలు నిలబెట్టకుండా పడుకోబెట్టి కట్టండి. డబ్బాలకి మూతలు, మూతలకి తాడు. తెడ్డు తాడు ఒంటికి చుట్టుకోవద్దు, కెరటాల్లో అది ఉరి. లైఫ్ జాకెట్ బిగించండి. ఫోను నీళ్లు చొరని సంచిలో, తీర రక్షక దళం నంబరు 1554 అందులో.

మోకాలి లోతులో, ముక్కు సముద్రానికి సూటిగా పట్టుకుని నిలబడండి. ఐదు పెద్దవి వరసగా వచ్చాయి. ఆరోది చిన్నది. ఏడోది ఇంకా చిన్నది. ఇప్పుడే. కూర్చుని, కాళ్లు లోపలికి లాక్కుని తెడ్డు వేయండి. కాలవ పట్టుకున్నట్టు తెలుస్తోంది, ఒక్కో తెడ్డుకి రెండు తెడ్ల దూరం. ఎడమ పక్క నురగ, కుడి పక్క నురగ. ముందొకటి లేస్తోంది! ఆగొద్దు, ఇంకా గట్టిగా. ముక్కు ఆకాశానికి లేచి, అవతల చెంపదెబ్బ కొట్టినట్టు నీటి మీద పడింది. నడుం దాకా తడిసిపోయారు. దాటేశారు.

ఇక్కడ చాలామంది వెంటనే గేలం తీస్తారు. తీయకండి. వెనక్కి తిరిగి ఒడ్డుని చూడండి, ఎందుకంటే మూడు గంటల తర్వాత మీకు కనబడేది ఈ ముఖమే. ఒడ్డు నుంచి ఎంతో తేడాగా కనిపించిన చోట్లన్నీ ఇక్కణ్ణుంచి ఒకే గోధుమ రంగు గీత. బల్లపరుపు ఇసుక వెనక ఒక తాటిచెట్టు, దానికి తిన్నగా పైన కొండ మీద ఒక గుండు. ఆ రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయంటే మీరు సరైన వరసలో ఉన్నట్టు. గుండు చెట్టుకి ఎడమకి జరిగితే మీరూ ఎడమకి, దక్షిణంగా, రాళ్ల మీదికి జరిగిపోయారని. జీపీఎస్ పుట్టకముందు నుంచీ మన జాలర్లు వలలు వేసిన చోటు నడిసంద్రంలో మళ్లీ పట్టుకునేది ఇలాగే.

చేపల సంగతి క్లుప్తంగా. రాతి నేల మీదుగా ఎరని ఈడ్చుకుంటూ పోతే రెండు పారలు పడ్డాయి. వంజరం ఒకటి దారం కొరికేసి పోయింది. పైన కానాగంతలు ఎగిరిన చోట పక్షులు వాలాయి గానీ మీరు చేరేసరికి ఏమీ లేదు.

తొమ్మిది దాటింది. చెమట మీద గాలి తగలడం మానేసి, కాసేపటికి దక్షిణం నుంచి మొదలైంది. నీటి మీద ముడతలు. గేలాలు చుట్టేయండి. ఇంకొక్క చుట్టు అని మనసు లాగుతుంది, వినకండి. గాలి వీపున పెట్టుకుంటే రావడం సుళువే. తాటిచెట్టు, గుండు వరసలోకి వచ్చాయి.

విరిగే చోటుకి ఇవతలే ఆగండి. సముద్రం వైపు నుంచి మీకు కెరటాల వీపులే కనిపిస్తాయి, ఎత్తు తెలియదు. అవతల మనిషంత గోడ విరుగుతున్నా ఇక్కడికి నున్నటి గుట్టలా ఉంటుంది. అందుకే ఒడ్డున నురగ ఎంత పైకి పాకుతోందో చూడండి. దక్షిణాన అలివి వల జట్లు తాళ్లు లాగుతున్నాయి, మధ్యలో పొద్దున్న చూసిన రాళ్లు మాయం. నాలుగు పెద్దవి మీ కిందుగా పోయాయి. చివరిదాని వీపు వెనకే బయల్దేరండి, దాన్ని దాటకుండా, దాని వెనకే. వెనక నుంచి ఒకటి వచ్చి అడ్డం తిప్పేసిందా, ఒడ్డు వైపు ఒరగకండి. కెరటం వైపే ఒరిగి, తెడ్డు దాని మీద ఆనించండి. పక్కకి జారుతూనే నేల తగులుతుంది. దూకేది సముద్రం పక్కకి. ఒడ్డు పక్కకి దూకితే తర్వాతి కెరటం ఆ బరువంతా మీ మోకాళ్ల మీదికి తోస్తుంది.

దిగారు. ఇద్దరు కుర్రాళ్లు పరిగెత్తుకొచ్చి చెరో పక్క పట్టి పైకి లాగారు. ఒకడు డబ్బా మూత తీసి పారలు చూసి, "ఇయ్యేనేటి?" అన్నాడు.

ఈ చోటు దొరికింది కదా అని వచ్చే నెల కళ్లు మూసుకుని రాకండి. మార్చి నుంచి దక్షిణపు గాలి బలపడితే మన తీరం వెంట ఇసుక ఉత్తరానికి నడవడం ఎక్కువవుతుంది. పొద్దున్న మిమ్మల్ని దాటించిన కాలవ పూడిపోయి ఇంకెక్కడో తెరుచుకుంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం మర పడవలకే, తెడ్డు పడవకి లేదు. కానీ ఆ రోజుల్లో ఇక్కడి నీళ్లు ఇవాళ్టి నీళ్లు కావు. అప్పుడు కొబ్బరి డొక్క ఎటు పోతుందో మళ్లీ విసిరి చూడాల్సిందే.