రైలు కట్టకు ఎగువన

2025 మే 17, శనివారం సాయంత్రం. బెంగళూరు చిన్నస్వామి స్టేడియం తెల్లగా నిండిపోయింది. అయిదు రోజుల ముందు టెస్టు క్రికెట్‌కు వీడ్కోలు చెప్పిన కోహ్లి మీద అభిమానంతో జనం తెల్ల జెర్సీలు వేసుకొచ్చారు. కోల్‌కతాతో ఐపీఎల్ మ్యాచ్. వాన తెరిపి ఇవ్వలేదు. టాస్ కూడా వేయకుండానే ఆట రద్దు చేశారు.

అసలు వాన మరునాటి రాత్రి వచ్చింది.

ఆదివారం రాత్రి మొదలై సోమవారం తెల్లవారేదాకా కురిసింది. ఉదయం 8:30కి వాతావరణ శాఖ లెక్క తీస్తే నగర కేంద్రంలో ఇరవై నాలుగు గంటల్లో సుమారు 105 మిల్లీమీటర్లు. పడమటి వైపు కెంగేరిలో 132. ఈ రెండింటికీ దూరంగా, కె.ఆర్.పురం నియోజకవర్గంలోని హొరమావు సాయి లేఅవుట్‌లో మాత్రం వానను మిల్లీమీటర్లలో ఎవరూ చెప్పుకోలేదు. ఎన్ని మెట్లు మునిగాయన్నదే అక్కడ లెక్క. నీళ్లు వీధి నిండాక గేటు దాటాయి, గేటు దాటాక గడప దాటాయి. కింది అంతస్తుల్లో పడుకున్నవాళ్లు మంచం మీంచి కాలు కిందపెడితే నేల తగల్లేదు. బియ్యం డబ్బాలు, గ్యాస్ సిలిండర్లు, పిల్లల స్కూలు సంచులు నీళ్లలో తేలాయి. తెల్లారాక పడవలు వచ్చాయి, ట్రాక్టర్లు వచ్చాయి. పై అంతస్తుల్లో చిక్కుకున్నవాళ్లకు పాలు, తిండి ట్రాక్టర్ల మీదే చేరాయి. ఎమ్మెల్యే బైరతి బసవరాజ్ జేసీబీ ఎక్కితే తప్ప ఆ వీధుల్లోకి రాలేకపోయారు.

ఉరుముల మేఘాల మీద పరిశోధన నా వృత్తి. ఇల్లు కె.ఆర్.పురంలోనే. అందుకే ఆ రాత్రి కథను చూసినవాళ్లు చెప్పినట్టుగానే కాకుండా, పరికరాలు రాసిపెట్టిన అంకెలనూ మేఘం నడిచే పద్ధతినీ పక్కపక్కన పెట్టి చెప్పుకొస్తాను. ఊరు మునిగిన ప్రతిసారీ జనం ముందుగా మమ్మల్నే తిడతారు. ఆ తిట్టులో ఎంత న్యాయం ఉందో, మా చేతిలో లేనిది ఎంతో విడదీసి చెప్పాల్సిన బాధ్యత నాకుంది.

కె.ఆర్.పురం సంతలో కొత్తిమీర, పుదీనా అమ్మే ఒకావిడ ఉంది. ముళబాగిలు వైపు మనిషి. పాత మద్రాసు రోడ్డు పట్టుకుని కోలారు, ముళబాగిలు దాటితే పలమనేరు, చిత్తూరు. అటు నుంచి వచ్చి ఇక్కడ బతికేవాళ్లతో సంతలో సగం మాటలు తెలుగే. నేను వానల మీద పనిచేస్తానని ఆవిడకి ఎవరో చెప్పారు. అప్పట్నుంచి నన్ను వదల్లేదు.

“సామీ, ఈపొద్దు వాన వస్తాదా రాదా? కట్టలు దించాల్నా, బండిలోనే పెట్టుకోవాల్నా?”

“సాయంత్రం పడే అవకాశం ఉంది అక్కా.”

“అవకాశం ఉండేది నాకూ తెలుస్తాది సామీ. ఈడ పడతాదా, ఆడ పడతాదా, అది చెప్పండి.”

నా శాస్త్రం మొత్తంలో అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న అదే.

తుఫాను సంగతి వేరు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ఊడ్చుకుపోయినప్పుడు వేలమంది చచ్చిపోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకే నాటికి దాని దారిని రోజుల ముందే గీసి చూపించే స్థితికి మన వాతావరణ శాఖ వచ్చింది. లక్షల మందిని ముందే తరలించగలిగారు. తుఫాను వందల కిలోమీటర్ల మేర పరుచుకుని, సముద్రం మీద రోజుల తరబడి నడిచి వస్తుంది. ఉపగ్రహం కంటపడకుండా తప్పించుకోలేదు. ఉరుముల మేఘం అడ్డంగా పది కిలోమీటర్లుంటే గొప్ప. ఒక్కో మేఘపు ముద్ద పుట్టి, పెరిగి, కురిసి చావడానికి గంట కూడా పట్టదు. మెజెస్టిక్‌లో ఎండ కాస్తుంటే కె.ఆర్.పురం వంతెన కింద స్కూటర్లు ఆగిపోయి ఉండటం ఇక్కడ అందరం చూసిందే.

అంత చిన్నదాన్ని పట్టుకోవాలంటే దగ్గర్లో డాప్లర్ రాడార్ ఉండాలి. బెంగళూరు ఏళ్ల తరబడి చెన్నై రాడార్ మీద ఆధారపడి బతికింది. రెండు ఊళ్ల మధ్య గాలిదారి దూరం దాదాపు 290 కిలోమీటర్లు. రాడార్ కిరణాన్ని నేలబారుగా, అర డిగ్రీ ఎత్తులో పంపినా భూమి గుండ్రం కాబట్టి మన దాకా వచ్చేసరికి అది ఏడు కిలోమీటర్ల పైన ఎగురుతూ ఉంటుంది. పైగా దారి పొడవునా విచ్చుకుంటూ వచ్చి అయిదు కిలోమీటర్ల వెడల్పవుతుంది. అంటే అక్కడి రాడార్‌కు మన మేఘం నడినెత్తి కనిపిస్తుంది తప్ప కడుపు కనిపించదు. వాన పుట్టేదీ, చినుకులు గుద్దుకుని లావయ్యేదీ ఎక్కువగా ఆ కడుపులోనే. శ్రీహరికోట డాప్లర్ రాడార్‌ను ఇస్రోతో కలిసి తయారుచేసింది బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థే. ఇతరులకు కళ్లు చేసి ఇచ్చిన ఊరు అన్నేళ్లు పొరుగూరి కళ్లతో ఆకాశం చూసింది. ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

ఇక ఆ రాత్రి సంగతి. మే నెలలో దక్కను పీఠభూమి మీదుగా, మహారాష్ట్ర నుంచి కర్ణాటక లోపలి జిల్లాల మీద తమిళనాడు దాకా ఒక అల్పపీడన ద్రోణి తరచూ ఏర్పడుతుంది. దానికి ఒక పక్క అరేబియా సముద్రపు గాలి, ఇంకో పక్క బంగాళాఖాతపు గాలి. రెండింట్లోనూ తేమే. పగలంతా కాగిన నేల కిందిగాలిని వేడెక్కిస్తుంది. ఆ గాలి పైకి లేచి, చల్లబడి, తనలోని ఆవిరిని నీటిగా వదులుతుంది. ఆవిరి నీరైనప్పుడు దాచుకున్న వేడి బయటపడుతుంది. ఆ వేడితో గాలి ఇంకా పైకి దూసుకుపోతుంది.

ఈ వేడి ఎంతో లెక్కవేసి చూపిస్తాను. ఒక చదరపు కిలోమీటరులో 100 మి.మీ. వాన పడితే 10 కోట్ల లీటర్ల నీళ్లు దిగినట్టు. అంత ఆవిరి నీరయ్యేటప్పుడు విడుదలయ్యే వేడి సుమారు 7 కోట్ల యూనిట్ల కరెంటుకు సమానం. అదీ ఒక్క చదరపు కిలోమీటరుకే. మేఘం పది పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు లేవడానికి ఇంధనం అదే.

అయితే ఒక్క మేఘం గంటలో చస్తే వాన రాత్రంతా ఎలా కురిసింది? కురిసే మేఘం కింద గాలి చల్లబడి బరువెక్కి నేల మీద పడి నలుదిక్కులా పరుచుకుంటుంది. వానకు ముందు మన మొహానికి తగిలే చల్లగాలి అదే. అది ముందుకు జరుగుతూ, ఎదురుగా ఉన్న వెచ్చటి తేమగాలిని ఎత్తి పైకి తోస్తుంది. అక్కడ ఇంకో మేఘం లేస్తుంది. చచ్చిపోతున్న మేఘం పక్కనే తన వారసుణ్ని లేపి పోతుందన్నమాట. తేమ తరగనంత సేపు ఈ వరస ఆగదు. తర్వాతిది ఏ వీధి మీద లేస్తుందో ముందురోజు చెప్పగలిగిన కంప్యూటర్ ఇవాళ్టికి ప్రపంచంలో ఎక్కడా లేదు. సంతలో ఆవిడకి నేను చెప్పలేకపోయింది ఇదే.

ఇప్పుడు కిందికి దిగుదాం. కర్ణాటక రాష్ట్ర ప్రకృతి విపత్తుల పర్యవేక్షణ కేంద్రం వాళ్లు నగరమంతా వానమాపకాలు పెట్టారు. మూత తీసి చూస్తే లోపల ఏమంత ఉండదు. పైన ఒక గరాటు. దాని కింద ఇరుసు మీద అటూ ఇటూ ఒరిగే రెండు బుల్లి గిన్నెలు. ఒకటి నిండగానే బరువుకు ఒరిగి నీళ్లు ఒలకబోస్తుంది, రెండోది గరాటు కిందికి వస్తుంది. ఒరిగిన ప్రతిసారీ టక్కుమని ఒక లెక్క పడుతుంది. చినుకుల వానలో ఒక టక్కుకీ ఇంకో టక్కుకీ మధ్య టీ తాగి రావచ్చు. కుండపోతలో మాత్రం గిన్నె ఒరిగే ఆ రెప్పపాటులోనూ నీళ్లు పడుతూనే ఉంటాయి, లెక్కకు రాకుండా పోతాయి. అందుకే భారీ వానల అంకెలు చూసినప్పుడు అసలు వాన అంతకన్నా కొంచెం ఎక్కువే పడిందనుకుంటాను.

ఈ లెక్కలు పదిహేను నిమిషాలకోసారి కేంద్రానికి చేరతాయి. నా దృష్టిలో రోజు మొత్తం అంకెకన్నా ఆ పదిహేను నిమిషాల అంకెలే ముఖ్యం. 105 మి.మీ. వాన రోజంతా సన్నగా పడితే చెరువులకు పండగ. అందులో సగం ఒక గంటలో పడితే మోరీలకు చావు. 2023 మే 21న ఆదివారం మధ్యాహ్నం నగరం నడిబొడ్డున వడగళ్లతో వచ్చిన వాన అలాంటిదే. కాసేపట్లోనే కె.ఆర్.సర్కిల్ అండర్‌పాస్ నిండింది. కృష్ణా జిల్లా నుంచి ఊరు చూడ్డానికి వచ్చిన కుటుంబం కారు అందులో ఆగిపోయింది. మిగతావాళ్లను బయటికి లాగారు. ఇక్కడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఆ ఇంటి అమ్మాయి దక్కలేదు. ఆ రోజు నుంచి అండర్‌పాస్ ముందు నీళ్లు కనిపిస్తే, ఎంత లోతో తెలియకపోతే, బండి ఆపేయమని తెలిసినవాళ్లందరికీ ఫోన్ చేసి మరీ చెబుతున్నాను.

సాయి లేఅవుట్‌కు వద్దాం. మేఘం ఎక్కడ లేస్తుందో చెప్పలేకపోవచ్చు. పడిన నీళ్లు ఎటు పోతాయో చెప్పడానికి మాత్రం ఏ సూపర్ కంప్యూటరూ అక్కర్లేదు. హెబ్బాళ చెరువు నిండితే నాగవారకు, అక్కణ్నుంచి హొరమావు పక్కగా కల్కెరెకు, తర్వాత రాంపురకు, చివరికి కె.ఆర్.పురం అంచున పాత మద్రాసు రోడ్డు పక్కనున్న ఎలె మల్లప్ప శెట్టి చెరువుకు. తమలపాకుల వ్యాపారి తవ్వించాడని పేరున్న చెరువది. అక్కణ్నుంచి దక్షిణ పినాకినిలోకి. ఈ చెరువులు కట్టిన పెద్దలు ఒక చెరువు అలుగు నీరు ఇంకో చెరువుకు అందేలా వరసగా కట్టుకుంటూ పోయారు. ఆ వరసకు అడ్డంగా రైలు కట్ట వచ్చింది. కట్ట కింద నీళ్లు పోవడానికి వదిలిన దారి, పైనుంచి వచ్చే కాలువకన్నా ఇరుకు. సాయి లేఅవుట్ ఆ కట్టకు ఎగువన, పల్లంలో ఉంది. ఎగువన హెబ్బాళ వైపు కాంక్రీటు పెరిగిన కొద్దీ నేల తాగే నీరు తగ్గి, కాలువలోకి పరుగెత్తే నీరు పెరిగింది. అందుకే అక్కడ వాన ఆగాక కూడా నీటిమట్టం పెరుగుతుంది. పైన పడిందంతా వచ్చి చేరడానికి సమయం పడుతుంది.

ఆ ఉదయమే మహదేవపురలో గోడ కూలి, పనికి వచ్చిన హౌస్‌కీపింగ్ మహిళ చనిపోయింది. ముప్పై అయిదేళ్ల మనిషి. గోడ నానితే కూలుతుందని చెప్పడానికి వాతావరణ శాస్త్రం చదవక్కర్లేదు. అదే బాధ. ఆకాశం గురించి మాకు తెలియనిది చాలా ఉంది. నేల గురించి అందరికీ తెలిసినదాన్ని కూడా ఎవరూ పట్టించుకోవడం లేదు.

ఆ వానకు అయిదు రోజుల తర్వాత, మే 24న, నైరుతి రుతుపవనాలు కేరళను తాకాయి. 2009 తర్వాత అంత ముందుగా రావడం అదే మొదటిసారి. ఆ మే నెల మొత్తానికి బెంగళూరులో 307.9 మి.మీ. కురిసి నెల రికార్డు మారిపోయింది. అంతకు ముందు ఏడాది జూన్ 2న ఒక్క రోజులో 111.1 మి.మీ. పడి 1891 నాటి జూన్ రికార్డు చెరిగిపోయింది. వేడెక్కిన గాలి ఒక్కో డిగ్రీకి సుమారు ఏడు శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. పాత వానలకు సరిపడా తవ్విన కాలువలు ఇక చాలవు.

ఆంధ్ర నుంచి, తెలంగాణ నుంచి ఉద్యోగాలకు వచ్చే పిల్లలు మా వైపు అద్దె ఇళ్లు వెతుక్కుంటూ నాకు ఫోన్ చేస్తుంటారు. ఆఫీసుకు ఎంత దూరం, మెట్రో ఎంత దూరం, అడ్వాన్సు ఎంత, అన్నీ వాళ్లే చెబుతారు. నేను రెండే అడుగుతాను. ఇల్లు రైలు కట్టకు ఎగువనా, దిగువనా? కింది అంతస్తా, పైదా? ఎగువన, కింది అంతస్తు అంటే, అద్దె అయిదు వేలు తక్కువైనా సరే, ఇంకోటి చూసుకోమంటాను. జవాబు తెలియదంటే, ఆ వీధి చివర కిరాణా కొట్టుకు వెళ్లి, 2025 మేలో నీళ్లు ఎంతదాకా వచ్చాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపించమని అడగమంటాను.