సారథ్యాధికారము: హెవీ లైసెన్సు పూర్వచరిత్ర



భారతకథయందు కర్ణుని రథము తోలుమనగా శల్యుడెంత రోషించెనో మీరెరుగుదురు. రాజునైన తాను సూతపుత్రునకు సారథి యగుటయా యని యాతని బాధ. నాడు పగ్గములు పట్టు పనికిని పుట్టుకయే ప్రమాణము. నేడు బస్సు నడుపువానిని కులమడుగువారు లేరు, లైసెన్సు అడుగుదురు. మన కుటుంబములలో బస్సులపైనను లారీలపైనను జీవించువారు పెక్కండ్రు గలరు గావున ఆ లైసెన్సు తరగతుల చరిత్రమును విన్నవింపదలచితిమి.

బ్రిటిషిండియాకంతకును మోటారు చట్టము 1914లో పుట్టినది. నైజాం రాష్ట్రమున 1932లో రైల్వేవారే 27 బస్సులతో, 166 మంది యుద్యోగులతో రోడ్డు రవాణాశాఖను ప్రారంభించిరి. పిమ్మట 1939వ సంవత్సరపు చట్టము, జీతమునకు బండి నడుపువాడును, రవాణా బండిని నడుపువాడును తన లైసెన్సునందు అందులకు ప్రత్యేకమైన యనుమతి కలిగియుండవలెనని శాసించెను. స్వంత కారునకు పదునెనిమిదేండ్లు చాలును. రవాణా బండికి ఇరువది నిండవలెను. ఈ నియమము నేటికిని నిలిచియున్నది.

1988వ సంవత్సరపు చట్టము మధ్యతరగతి సరకు బండి, మధ్యతరగతి ప్రయాణికుల బండి, భారీ సరకు బండి, భారీ ప్రయాణికుల బండి యని నాలుగు తరగతులు చేసెను. 1994లో ఆ నాలుగింటిని తీసివేసి 'ట్రాన్స్‌పోర్టు వాహనము' అను నొక్క పేరు పెట్టిరి. జనుల నోట మాత్రము 'హెవీ లైసెన్సు' పోలేదు. శబ్దమును మార్చుట శాసనకర్తల వశము, వాడుకను మార్చుట వారి వశము గాదు. తేలికబండి లైసెన్సు ఒక సంవత్సరము చేతనుండినగాని దీనికి లర్నరు లైసెన్సైనను ఈయరు.

ఈ పేరు మార్పువలన చిక్కొకటి పుట్టెను. తేలికబండి లైసెన్సుతో చిన్న సరకుబండి నడుపువాడు ప్రమాదము చేసినచో, వానికి ట్రాన్స్‌పోర్టు అనుమతి లేదు గావున నష్టపరిహారము మా బాధ్యత గాదని బీమా కంపెనీలు వాదించెను. మొత్తము బరువు 7,500 కిలోలకు మించని బండికి వేరు అనుమతి యక్కరలేదని సుప్రీంకోర్టు 2017లో చెప్పెను. 2024 నవంబరు 6వ తేదీన అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము దానినే స్థిరపరచెను.

ఇక మాకు మిక్కిలి సంబంధించిన విషయము. 2007లో, ట్రాన్స్‌పోర్టు లైసెన్సు కోరువాడు ఎనిమిదవ తరగతి ప్యాసై యుండవలెనను నియమము వచ్చెను. అంతకుముందే లైసెన్సున్నవారికి పునరుద్ధరణలో ఇది వర్తింపలేదు. చదువులేని పాతవారు యథాప్రకారము నడుపుచుండగా, చదువులేని క్రొత్తవారు మాత్రము నిలిచిపోయిరి. ఉపాధ్యాయులమగు మేము ఈ నియమమును మొదట మెచ్చుకొంటిమి.

2012లో మా శిష్యుడొకడు వచ్చెను. ఏడవ తరగతిలో తండ్రి పోగా బడి మాని, లారీపై క్లీనరుగా చేరినవాడు. "మేష్టారూ, ఎనిమిది ప్యాసైనట్లు ఒక్క కాగితం రాసివ్వండి, మా పిల్లలు తింటారు" అనెను. అసత్యపు పత్రము మేము వ్రాయలేదు. అందులకు మాకు విచారము లేదు. కాని సాయంకాలములందు వానిని కూర్చుండబెట్టి చదువు చెప్పి పరీక్షకు పంపవలెనను తలంపే నాడు మాకు తోపలేదు.

నిరుపేదలలో చదువు లేకున్నను నైపుణ్యము గలవారు పెక్కుమంది యున్నారనియు, శిక్షణయే ముఖ్యమనియు తలచి 2019లో ప్రభుత్వమువారు ఆ నియమమును తొలగించిరి. మరుసటి యేడు వానికి లైసెన్సు వచ్చెను. ఇప్పుడు మా యూరి మీదుగా ధాన్యపు లారీ తోలుచు, మేము కనబడినచో బండి ప్రక్కకు ఆపి, దిగివచ్చి నమస్కరించును. వాని మొగము చూచుట మాకు కష్టముగా నుండును.