ఆదిత్య 369: రాయల కాలానికో నవ్వుల ప్రయాణం
బ్రిటన్‌లో రోవన్ అట్కిన్సన్ నటించిన హాస్య ధారావాహిక 'బ్లాకాడర్' (1983–89) ఒక్కో సిరీస్‌లో ఒక్కో చారిత్రక కాలంలో నడుస్తుంది. తెలుగులో దానికి దగ్గరిది సింగీతం శ్రీనివాసరావు గారి 'ఆదిత్య 369' (1991). టైమ్ మెషీన్ ఎక్కిన కథానాయకుడు 1526 నాటి విజయనగరానికి, ఆపై 2504వ సంవత్సరానికి వెళ్తాడు. అతనూ, రాయలూ బాలకృష్ణే. తెనాలి రామకృష్ణుడు చంద్రమోహన్. భవిష్యత్తు ఘట్టం మాకు కాస్త చప్పగానే ఉంటుంది. అసలు సరదా రాయల సభలోనే.

ఆ విజయనగరం మన కర్ణాటకలోని హంపియే. రాయలవారు 'ఆముక్తమాల్యద' రాసింది తెలుగులో. సింగీతం గారు రాజ్‌కుమార్‌తో 'హాలు జేను' కన్నడంలో తీశారు.

బెంగళూరులో తరాలుగా ఉంటున్న మన ఇళ్ళలో తెలుగు మాట్లాడినా చదవలేని పిల్లలున్నారు. వాళ్ళకేం చూపించాలని సభ్యులు అడిగితే మేము ముందు చెప్పేది ఈ సినిమానే. సభలోని గ్రాంథికం అర్థంకాని చోట ఆపి, పెద్దవాళ్ళు చెప్పాలి.