మాతృభాషకు స్వరము కట్టిన శాక్సఫోను విద్వాంసుడు

పరభాషా ప్రాంతములందు తరతరములుగా స్థిరపడిన మనవంటి కుటుంబములకు మాతృభాష యనునది నిత్యము ఎదురగు ప్రశ్న. పిల్లలను బడిలో చేర్చునపుడును, జనాభా లెక్కలవారు గుమ్మములోనికి వచ్చినపుడును, సంబంధములు మాట్లాడునపుడును దానికి మనము జవాబు చెప్పుచునే యుందుము. ఇట్టి ప్రశ్నకే సముద్రముల కావల నొక సంగీత విద్వాంసుడు శాక్సఫోనుతో జవాబు చెప్పెను. ఆయనయే రుద్రేశ్ మహంతప్పగారు. మనలో జాజ్ సంగీతము వినువారు కొద్దిమందియే యైనను, ఆయన చరిత్రము మన మెరుగదగినదని మేము తలంచుచున్నాము.

జాజ్ సంగీతము అమెరికాలోని నల్లజాతివారి నుండి 20వ శతాబ్దపు తొలినాళ్లలో న్యూ ఆర్లియన్స్ ప్రాంతమున రూపొందినది. ఒక వరుసను ఆధారముగా గైకొని వాద్యకారులు అప్పటికప్పుడు కల్పనలు చేయుట దాని ప్రాణము. మన మనోధర్మమునకు ఇది దూరమైనది కాదు. ఇక శాక్సఫోను బెల్జియం దేశీయుడగు అడాల్ఫ్ సాక్స్ 1840 ప్రాంతమున నిర్మించిన వాద్యము. ఒడలు ఇత్తడిదే యైనను రెల్లుపీకతో ఊదబడునది కావున దానికి మన సన్నాయితో కొంత చుట్టరికము కలదు.

మహంతప్పగారు 1971లో ఇటలీ దేశమందలి త్రియెస్తె నగరమున జన్మించిరి. తల్లిదండ్రులు కన్నడ సీమనుండి వలస వెళ్లినవారు. తండ్రి భౌతికశాస్త్ర ఆచార్యులు. బాల్యము అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున బౌల్డరు పట్టణమునందు గడచెను. చిన్నతరగతులలోనే శాక్సఫోను చేపట్టి, బోస్టనులోని బర్క్‌లీ సంగీత కళాశాలలో పట్టము పొంది, షికాగోలోని డిపాల్ విశ్వవిద్యాలయమున పైచదువు ముగించి, పిదప న్యూయార్కు చేరిరి. తమిళ దంపతుల కుమారుడగు పియానో విద్వాంసుడు విజయ్ అయ్యరు ఆయనకు చిరకాల సహచరుడయ్యెను.

అమెరికాలో మనవారిని, భారతదేశమున కంతటికి ఒక్కటే భాష యున్నట్లు, 'మీరు ఇండియన్ మాట్లాడుదురా' అను అర్థమున నడుగువారు కలరు. మహంతప్పగారు ఈ ప్రశ్నను వేర్వేరు భాషలవారి ముందుంచి, వారు తమతమ భాషలలో చెప్పిన జవాబులను ధ్వనిముద్రణ చేసిరి. ఆ పలుకుల ఆరోహణావరోహణములను, ఊనికలను, విరామములను స్వరములుగా వ్రాసికొని, వానిపై రచనలు కట్టిరి. 'మదర్ టంగ్' అను పేర ఈ సంపుటము 2004లో వెలువడెను. అందు కన్నడము, గుజరాతీ, కొంకణి, తమిళము, మలయాళము అను శీర్షికలతో పాటు 'తెలుగు' అను శీర్షికగల రచన యొకటి యున్నది. వాద్యము పలుకునది మాటల అర్థమును గాదు, మాటల నడకను.

విద్యార్థి దశలో సోదరుడు పరిహాసముగా ఇచ్చిన యొక సంగీత ముద్రిక ద్వారా ఆయనకు కద్రి గోపాలనాథ్‌గారి వాద్యము పరిచయమయ్యెను. గోపాలనాథ్‌గారు దక్షిణ కన్నడ జిల్లాలో నాదస్వర విద్వాంసుని యింట 1949లో జన్మించి, మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సఫోను విని ముగ్ధులై, ఏండ్ల తరబడి సాధనచేసి, ఆ విదేశీ వాద్యమున కర్ణాటక గమకములను పలికించిన మహనీయులు. త్యాగరాజస్వామి తెలుగు కృతులు ఆ వాద్యముపై దేశదేశములలో మ్రోగినవి. వీరు 2019లో మంగళూరున అస్తమించిరి.

ఈ యిరువురు కలసి చేసిన 'కిన్స్‌మెన్' 2008లో వెలువడెను. 'బంధువులు' అని దాని యర్థము. అందు వయొలిను వాయించినవారు మన విజయనగరమున జన్మించి మద్రాసున స్థిరపడిన విదుషీమణి ఎ. కన్యాకుమారిగారు. బృందనాయకుడైన మహంతప్పగారు జాజ్ గిటారును, డ్రమ్ములను మృదంగముతో ఒకే వేదికపై కూర్చి, పెద్దవారైన గోపాలనాథ్‌గారికి సముచిత స్థానమిచ్చిరి.

బోధకుడుగా కూడ ఆయన ప్రసిద్ధులు. 2016లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున జాజ్ విభాగ సంచాలకులుగా నియమితులైరి. అంతకు ముందేడు వెలువడిన 'బర్డ్ కాల్స్' చార్లీ పార్కరును స్మరించి చేసినది. అందు పార్కరు పాటలను యథాతథముగా వాయింపక, వాని పోకడలనుండి క్రొత్త రచనలు కల్పించిరి.

మేము గుమాస్తాగా నున్న కాలమున వేలకొలది దరఖాస్తులు చూచితిమి. 'మాతృభాష' అను గడిలో 'తెలుగు' అని తండ్రి వ్రాయును. ప్రక్కన నిలిచిన పిల్లవాడు ఆ ముక్క చదువలేడు. కాని ఇంటిలో అవ్వతో మాట్లాడునపుడు వాని నోట వినబడునది తెలుగే. హోసూరు తెలుగున కొక యాస, బరంపురపు తెలుగున కొక యాస, మధుర తెలుగున కొక యాస గలదు. కోస్తా బంధువులు విని నవ్విరని మనవారు పెండ్లిపందిళ్లలో నోరు మెదపకుండుట మేమెరుగుదుము. సిగ్గుపడ నేల? అది మన పూర్వులు వెంటదెచ్చి, ఇరుగుపొరుగు భాషల నడుమ కాపాడి మనకిచ్చిన స్వరము. ఆ స్వరము సంగీతమున కర్హమని మహంతప్పగారు నిరూపించిరి.

అయితే వారి రచనకు మూలము మాట్లాడిన మనుష్యులు. పలుకువారు లేనిదే వ్రాసికొనుటకు స్వరము లేదు. కావున మన సంఘసభ్యులకు మా విన్నపమిది: మీ యిండ్లలోని వృద్ధుల కథలను, సామెతలను, పెండ్లిపాటలను వారి యాసలోనే ధ్వనిముద్రణ చేసి యుంచుడు, చేతిలోని ఫోనే ఇందుకు చాలును. పిల్లలకు వానిని వినిపించి, అక్షరములు దిద్దించుడు.