ఖిలా గోడ ముందు మూడు తూటాలు

మేడిపల్లిలో జగిత్యాల బస్సెక్కారు. దిగి ఖిలా వైపు నడిచారు. కందకం దాటి దర్వాజలోంచి లోపలికొచ్చారు. 1747లో ఇబ్రహీం ఖాన్ కట్టించిన కోట ఇది. ఐరోపా పద్ధతిలో నక్షత్రం ఆకారంలో ఉంటుంది. ఎండకు కాగిన రాతి మీద అరచెయ్యి పెట్టండి. ఈ గోడను ఫిరంగి గుండుకు తట్టుకునేలా లేపారు. దీనికి పిస్తోలు తూటా తగిలితే ఏమవుతుందో మనసులో మూడు సార్లు పేల్చి చూద్దాం. కాస్త దూరంగా జరగండి, పక్కకు కూడా.

మొదటిది .32 రివాల్వర్. 9 ఎంఎం, .38 బోర్లు మామూలు పౌరులకు ఇవ్వరు కాబట్టి మన దగ్గర లైసెన్సుదారుల చేతుల్లో ఎక్కువగా ఉండేది ఇదే. తూటా బరువు ఆరు గ్రాములకు కాస్త ఎక్కువ, పోయే వేగం కూడా తక్కువే. టప్‌మంది. సీసం బిళ్లలా అణిగి కింద పడింది, రాతి మీద బూడిదరంగు మరక మిగిలింది.

రెండోది పోలీసుల నడుముకు ఉండే 9 ఎంఎం. ఏడున్నర గ్రాములు, రాగి తొడుగు, సెకనుకు దాదాపు 350 మీటర్లు. రాతి పెచ్చు ఎగిరింది. తొడుగు చీలి, ముక్కలు గోడ వెంట చిమ్మాయి. పక్కన ఎవరైనా ఉంటే కళ్లు పోయేవి.

మూడోది .45. అమెరికా సైన్యం 1911 నుంచి 1985 దాకా మోసిన పిస్తోలుది. దాదాపు 15 గ్రాముల బరువు, సెకనుకు 250 మీటర్ల వేగం. లెక్క కట్టండి: దీని శక్తీ, 9 ఎంఎం శక్తీ దాదాపు ఒకటే, 450 నుంచి 480 జౌళ్లు. కానీ .45 ముఖం విస్తీర్ణం ఒకటిన్నర రెట్లకు పైగా ఎక్కువ. అదే దెబ్బ ఎక్కువ చోటుకు పంచుకుపోతుంది. అందుకే గట్టి రేకునైనా చెక్కనైనా సన్నగా, వేగంగా వచ్చే 9 ఎంఎం ఎక్కువగా దూసుకుపోతుంది. పెద్ద తూటా పెద్ద రంధ్రం చేస్తుందేమో గానీ లోతుకు పోదు. ఈ రాతి ముందు మాత్రం మూడూ ఓడిపోయాయి.

ఏకే-47 సంగతి వేరు. తూటా బరువు 9 ఎంఎందంతే, ఎనిమిది గ్రాముల లోపే. వేగం రెట్టింపు, అంటే శక్తి నాలుగు రెట్లు. ఎనభై, తొంభైలలో, నక్సలైట్ల రోజుల్లో, ఆ చప్పుడు ఈ జిల్లా పల్లెలకు బాగా తెలుసు. ఠాణాల ముందు ఇసుక బస్తాల మోర్చాలు లేచిన కాలమది. ఇసుక రాయిలా ఎదురు నిలవదు. రేణువులు జరుగుతూ, రాసుకుంటూ తూటాను పక్కకు తిప్పి, లోపలే మింగేస్తాయి. తిరిగి చిమ్మేది ఏమీ ఉండదు. రాతి కన్నా బస్తా చాలాసార్లు మేలని నేనంటాను.

ఇప్పుడు ఈ ఏటవాలు ముఖం వెంట నడవండి. వాలుగా తగిలిన తూటా అద్దం మీద వెలుగులా సమానమైన కోణంలో తిరిగి రాదు. గోడను దాదాపు అంటుకునే పోతుంది. కాల్పుల్లో గోడకు అతుక్కుని నిలబడేవాళ్లే దెబ్బ తినేది ఇందుకే.

సినిమాల్లో హీరో కారు తలుపు చాటున దాక్కుంటాడు. ఆ తలుపు రెండు పలచటి రేకులే. 9 ఎంఎం అందులోంచి దూరి వస్తుంది. కారులో నిజంగా అడ్డుపడేది ఇంజను, చక్రాలు. ఇంట్లో చెక్క తలుపూ, ఇనుప బీరువా కూడా నమ్మదగ్గవి కావు. కాల్పులు వినిపిస్తే నేలమీద పడుకుని మందపాటి ఇటుక గోడ వెనక్కి పాకండి, గోడకు మూరెడు దూరంలో ఉండండి. ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లకు ఒక మనవి: ఖాళీగా ఉందనుకున్నా సరే, దాని మూతిని ఏ తలుపు వైపూ తిప్పకండి. తలుపు అవతల మీ పిల్లలుంటారు.