ముఠాల రాజ్యంలో మిషన్ ఆసుపత్రి

మిషన్ ఆసుపత్రి అనగానే తెలుగు పాఠకులకు గుంటూరు కుగ్లర్ ఆసుపత్రో, నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రో మనసులో మెదులుతుంది. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఆసుపత్రి తెరవడానికి 1898 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ పదిహేనేళ్లలో ఆమెకు ఎన్ని చిక్కులు ఎదురైనా, గేటు ముందు తుపాకీ పట్టుకుని మామూలు అడిగేవాడు మాత్రం లేడు. పరాయి పాలనే అయినా కలెక్టరు, కోర్టు, ఠాణా ఉన్నాయి. మరి పాలన అన్నదే తప్పుకున్న చోట మిషన్ ఆసుపత్రి దేని దన్నుతో నిలుస్తుంది? కరీబియన్ దేశం హైతీ రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్‌లో గత నలభై ఏళ్లుగా జరిగింది చూస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. భక్తులు విశ్వాసం, తెగువ అంటారు. సహాయ సంస్థలు తటస్థత అంటాయి. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. కానీ సంఘటనలను వరసగా పేర్చి చూస్తే వాటి వెనక ఉన్న మూడో కారణం బయటపడుతుంది. ముఠాకు తన వాడతో అవసరం ఎంతకాలం ఉందో అంతకాలమే ఆసుపత్రికి రక్షణ ఉంది. ముఠా రాబడి వాడను దాటి రేవుకీ, రహదారికీ, అపహరణలకీ పాకాక ఆ రక్షణ కరిగిపోతూ వచ్చింది.

రాజధాని అంచున సముద్రాన్ని ఆనుకుని ఉన్న సిటే సొలే కథ దీనికి మొదటి సాక్ష్యం. 1950ల చివర నియంత ఫ్రాన్స్వా దువాలియే పాలనలో కూలీల కాలనీగా మొదలైన ఈ బస్తీకి అప్పట్లో ఆయన భార్య సిమోన్ పేరు పెట్టారు. చక్కెర మిల్లు, ఎగుమతుల కోసం బట్టలూ బొమ్మలూ కుట్టే ఫ్యాక్టరీలు చుట్టుపక్కల ఉండేవి. పల్లెల నుంచి వచ్చినవాళ్లు పల్లపు నేలమీద రేకులతో గుడిసెలు వేసుకున్నారు. 1986లో దువాలియే వంశం కూలాక, ఆ నియంతృత్వాన్ని ఎదిరించిన క్యాథలిక్ రేడియో సొలే పేరు బస్తీకి వచ్చింది. 1991 సెప్టెంబరులో సైన్యం తిరగబడి అధ్యక్షుడు అరిస్టీడ్‌ను దించేసింది. దానికి శిక్షగా అంతర్జాతీయ సమాజం వాణిజ్య ఆంక్షలు పెట్టింది. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, కూలి పోయింది. 1993 డిసెంబరులో సైన్యం కొమ్ముకాసే ఫ్రాఫ్ దళాలు ఇదే బస్తీలో వందల ఇళ్లు తగలబెట్టాయి. పని లేని కుర్రవాళ్లకు తుపాకులు అందించింది రాజకీయ పక్షాలే. ఎన్నికకో, ఊరేగింపుకో, ఎదుటివాడిని బెదిరించడానికో వాళ్లను వాడుకున్నారు. కాబట్టి ఇక్కడి ముఠాను పేదరికం దానంతటదే కన్న బిడ్డ అనుకోవడం పొరపాటు. దాన్ని పెంచి పోషించినవాళ్లు పెద్ద ఇళ్లలో ఉన్నారు.

ఇలాంటి చోట శిలువ ఎవరికీ కవచం కాలేదు. అధ్యక్షుడు కాకముందు అరిస్టీడ్ స్వయంగా సలేషియన్ సభ పూజారి. ఆయన 1988 సెప్టెంబరు 11న రాజధానిలోని లా సలీన్ బస్తీ సెయింట్ జాన్ బోస్కో గుడిలో పూజ జరుపుతుండగా సాయుధులు చొరబడి భక్తులను చంపి, గుడికి నిప్పు పెట్టారు. మరోవైపు అదే చర్చి పాలకులతో రాసుకుపూసుకు తిరిగిన రోజులూ ఉన్నాయి. 1981లో మదర్ థెరిసా దువాలియే ప్రభుత్వం ఇచ్చిన బిరుదు స్వీకరించడం ఇప్పటికీ విమర్శకు గురవుతూనే ఉంది. ఆమె సిస్టర్లు మాత్రం ఎవరి పాలనలోనైనా రాజధాని బస్తీల్లో రోగులకు సేవ చేస్తూనే వచ్చారు. చర్చి ఒకచోట పీడితుల పక్షం, ఒకచోట పాలకుల పక్కన కనిపించిన దేశంలో మతచిహ్నం చూసి ఎవరూ తుపాకీ దించరు. ఆసుపత్రి తన గౌరవాన్ని తానే సంపాదించుకోవాలి.

అలా సంపాదించుకున్న తీరుకు రిక్ ఫ్రెషెట్ పని మంచి ఉదాహరణ. పాషనిస్ట్ సభకు చెందిన ఈ అమెరికన్ పూజారి 1987లో హైతీలో అనాథ పిల్లల ఆశ్రమం మొదలుపెట్టారు. మెక్సికోలో ఫాదర్ విలియం వాసన్ 1954లో స్థాపించిన సంస్థకు అది శాఖ. వైద్యం అందక పిల్లలు చనిపోతుంటే పూజారిగా ఉండడం ఒక్కటే చాలదనిపించి ఆయన వైద్యం చదివారు, 1998లో డాక్టరయ్యారు. ఆ సంస్థ పిల్లల ఆసుపత్రి సెయింట్ డేమియన్ 2006లో రాజధాని శివారు తబార్‌లోని కొత్త భవనంలోకి మారింది. 2010 జనవరి 12 భూకంపంలో ఆ భవనం నిలబడింది, క్షతగాత్రులతో నిండిపోయింది. అదే ఏడాది ఐక్యరాజ్యసమితి శాంతిదళాల శిబిరం నుంచి వచ్చిన కలరా దేశాన్ని చుట్టబెట్టి సుమారు పదివేల మందిని బలిగొంది. ముఠాలను అణచడానికి వచ్చిన దళాలు రోగం మోసుకొస్తే, ముఠాల మధ్య ఉన్న మిషన్ ఆసుపత్రులు ఆ రోగులకు సెలైన్ ఎక్కించాయి. అయితే బస్తీలో ఫ్రెషెట్ బృందానికి దారి ఇచ్చింది ఆసుపత్రి భవనం కాదు. ట్యాంకర్లతో తాగునీళ్లు, బడులు, వాటన్నిటికీ మించి శవసంస్కారం. ఖర్చు భరించలేక బంధువులు వదిలేసిన శవాలు ప్రభుత్వాసుపత్రి మార్చురీలో గుట్టలుగా పడి ఉండేవి. ఆయన బృందం గురువారాల్లో అక్కడికి వెళ్లి, వాటికి గుడ్డ కప్పి, పెట్టెల్లో పెట్టి, ప్రార్థన చేసి, ఊరి బయట తితాన్యెన్‌లో పాతిపెట్టేది. ఆ శవాల్లో ఎవరి తల్లి ఉందో, ఎవరి తమ్ముడు ఉన్నాడో బస్తీకి తెలుసు. తుపాకీ పట్టినవాడికీ తెలుసు.

ముఠా దీన్ని ఎందుకు సాగనిచ్చింది? 2000ల ముఠా నాయకుడు చాలావరకు ఆ వాడలోనే పుట్టి పెరిగినవాడు. సంతలో కూరగాయలమ్మే ఆడవాళ్ల దగ్గరా, టాప్‌టాప్ అనే అద్దె వ్యాన్ల దగ్గరా వసూలు చేసి బతికేవాడు. తన వాడ ఓట్లనూ, మౌనాన్నీ రాజకీయ నాయకులకు అమ్ముకునేవాడు. ఈ రెండు వ్యాపారాలకూ వాడ జనం అతన్ని కొంతైనా ఒప్పుకోవాలి. వాళ్లకు నీళ్లు తెచ్చే బండిని ఆపితే మొదట చెడేది అతని పేరే. ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది: ఇది లెక్కల మాట, ప్రాణాలకు తెగించి లోపలికి వెళ్లినవాళ్ల విశ్వాసాన్ని తక్కువ చేయడమే అని. కానీ మతంతో సంబంధం లేని సంస్థలకూ ఇదే రక్షణ దక్కింది. 1982లో డాక్టర్ జాన్ పాప్ నెలకొల్పిన గెస్కియో కేంద్రం ఎయిడ్స్, క్షయ రోగులకు వైద్యం చేస్తూ, ముఠాల అడ్డాగా మారిన విలాజ్ ద ద్యూ పక్కనే ఏళ్ల తరబడి నిలిచింది. 2005లో, శాంతిదళాలు సిటే సొలేలో కాల్పులు జరుపుతున్న రోజుల్లోనే, సరిహద్దులు లేని వైద్యుల సంస్థ అక్కడి సెంట్ కాథరీన్ ఆసుపత్రిని నడిపింది. వాళ్లెవరికీ శిలువ లేదు. విశ్వాసం తేడా చూపింది మరోచోట. అంతర్జాతీయ సంస్థలు అత్యవసరం ముగిసిందనుకున్నప్పుడు సర్దుకుని వెళ్తాయి, మళ్లీ వస్తాయి. దీక్ష తీసుకున్న పూజారి, సిస్టర్ ముప్పై ఏళ్లు ఒకేచోట ఉండిపోతారు. తాము చూస్తుండగా పుట్టిన పిల్లవాడే పెద్దయి తుపాకీ పడితే అతన్ని పేరు పెట్టి పిలిచి మందలించగలరు. అపహరణకు గురైనవాళ్లను విడిపించడానికి ఫ్రెషెట్ ముఠాలతో మాట్లాడగలిగింది ఈ పరిచయంతోనే. అంటే విశ్వాసం రక్షణను పుట్టించలేదు, ఉన్న రక్షణను ఎక్కువకాలం నిలిపింది.

ఇంకా బలమైన అభ్యంతరాలు రెండున్నాయి. ముఠావాడి గాయానికి కుట్లు వేసి, అతనితో కూర్చుని మాట్లాడితే అతనికి పెద్దరికం ఇచ్చినట్టే కదా అన్నది మొదటిది. కొంతవరకు నిజమే. వాడలోకి వచ్చే ప్రతి బస్తా బియ్యమూ తన పుణ్యమేనని నాయకుడు చెప్పుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. కానీ ముఠా బలం ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. తుపాకుల్లో ఎక్కువ భాగం అమెరికా నుంచి, ముఖ్యంగా ఫ్లోరిడా నుంచి వస్తున్నాయని ఐక్యరాజ్యసమితి నివేదికలే చెప్పాయి. ముఠాలకు అండగా నిలిచారంటూ కెనడా 2022లో హైతీ మాజీ అధ్యక్షుడు మిషెల్ మార్తెల్లీ సహా పలువురు ప్రముఖులపై ఆంక్షలు విధించింది. ఆ ఖాతాలో ఆసుపత్రి కట్టిన గాయం లెక్కకు రాదు. ప్రభుత్వం చేయాల్సిన పని మిషన్ చేస్తే ప్రభుత్వం ఇంకా బద్ధకిస్తుందన్నది రెండో అభ్యంతరం. ఇందులో పస ఎక్కువ, ఎందుకంటే విరాళాలన్నీ విదేశీ సంస్థలకు చేరితే ప్రభుత్వాసుపత్రి ఎండిపోతుంది. దీనికి మిషన్ చెప్పగల జవాబు ఒక్కటే, తన పనిని స్థానికుల చేతికి అప్పగించడం. సెయింట్ డేమియన్ ఆ దారిన కొంత నడిచింది. హైతీ పిల్లల వైద్యురాలు జాక్లిన్ గోత్యే దానికి సారథ్యం వహించారు, డాక్టర్లూ నర్సులూ స్థానికులే. 2024 నాటికి విమానాలు ఆగి విదేశీయులు రాలేని రోజుల్లో కూడా ఆ ఆసుపత్రి నడిచిందంటే కారణం అదే.

అయితే అప్పటికే ముఠాకూ వాడకూ మధ్య ఉన్న పాత ఒప్పందం చెడిపోయింది. 2020లో ముఠా నాయకుడు జిమ్మీ షెరిజియే కూర్చిన జీ-9 కూటమి వేర్వేరు వాడల్లోని పలు ముఠాలను ఒక్కతాటి మీదికి తెచ్చింది. ఆ కూటమి 2021లోనూ, 2022లోనూ వారో ఇంధన డిపోను దిగ్బంధించింది. ఆసుపత్రుల జనరేటర్లకు డీజిల్ కరువైంది, 2022 అక్టోబరులో కలరా తిరిగొచ్చింది. 2021 అక్టోబరు 16న 400 మవోజో ముఠా అనాథాశ్రమం చూసి వస్తున్న 17 మంది ఉత్తర అమెరికా మిషనరీలను ఎత్తుకుపోయి తలకు పది లక్షల డాలర్లు అడిగింది. అపహరణతో బతికే ముఠాకు సంత ఆడవాళ్ల ఆదరణ అక్కర్లేదు. పైగా మిషనరీ ఇప్పుడు డబ్బున్న దేశం మనిషి, అంటే సరుకు. 2024 ఫిబ్రవరి చివర జీ-9, దాని శత్రు కూటమి వివ్ అన్సామ్ పేరిట ఏకమై నగరంలో అత్యధిక భాగాన్ని చేజిక్కించుకున్నాయి. తాము పుట్టని వాడల్లో పాగా వేసినవాళ్లకు అక్కడి ఆసుపత్రితో ఏ బంధమూ లేదు. ఆ ఏడాది అక్టోబరులో రాజధానిలోని బా డెల్మాలో మదర్ థెరిసా సిస్టర్ల కాన్వెంటునూ వైద్యశాలనూ దోచి తగలబెట్టారు. డిసెంబరులో బెర్నార్డ్ మెవ్స్ ఆసుపత్రికి నిప్పు పెట్టారు. క్రిస్మస్ ముందురోజు, ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిని తిరిగి తెరుస్తున్న సభపై కాల్పులు జరిపారు. 2025 ఆగస్టులో ఫ్రెషెట్ హైతీలో మొదలుపెట్టిన శాఖ నడిపే ఆశ్రమంలోంచే ఒక ఐరిష్ సేవికనూ, ఒక చిన్నారితో సహా మరికొందరినీ ఎత్తుకెళ్లి నెలాఖరుకు వదిలారు. దశాబ్దాల సేవ ఆ రాత్రి అడ్డుపడలేదు.

సిటే సొలేలోని వార్ఫ్ జెరెమీలో 2024 డిసెంబరులో జరిగిన ఊచకోత వైద్యం లేని చోట ఏమవుతుందో చూపింది. ఐక్యరాజ్యసమితి లెక్కన కనీసం 207 మందిని చంపారు, ఎక్కువమంది ముసలివాళ్లు. బిడ్డకు జబ్బు చేస్తే, వృద్ధులు చేతబడి చేశారని ముఠా నాయకుడు అనుమానించడమే కారణం. బాణామతి పేరుతో తెలంగాణ పల్లెల్లో జరిగిన హత్యలు ఎరిగిన మనకు ఈ తర్కం కొత్త కాదు. జబ్బుకు కారణం చెప్పే నమ్మకమైన నోరు ఒకటి వాడలో ఉండడం కూడా వైద్యంలో భాగమే. ఆ నోరు మూగబోతే అనుమానం తుపాకీతో మాట్లాడుతుంది. మిషన్ ఆసుపత్రి చేసిన పని విలువ ఎంతో ఇక్కడ తెలుస్తుంది, దాని పరిమితీ ఇక్కడే తెలుస్తుంది. వాడలో ఉన్న కాస్త శాంతిని అది పెంచగలదు గానీ, లేని శాంతిని పుట్టించలేదు. అందువల్ల హైతీ ఆసుపత్రులను కాపాడదలచినవాళ్లు మందులు పంపడంతో పాటు ఫ్లోరిడా రేవుల్లో ఎగుమతి పెట్టెలు తెరిచి చూడాలి, ముఠాలకు డబ్బిచ్చే పెద్దల ఖాతాలు స్తంభింపజేయాలి, జీతాలందే స్థానిక నర్సులను నిలబెట్టాలి. ముఠాకు బయటి రాబడి తెగితే గానీ అది మళ్లీ వాడ జనం మొహం చూడదు. అంతవరకు ఆసుపత్రి గేటు తెరిచి ఉంచే భారం లోపల పనిచేసే హైతీ డాక్టర్లూ నర్సుల మీదే పడుతుంది.