విద్యాద్వారము: ప్రవేశార్థి చరిత్ర

ఇట్టి సంచికలయందు పూర్వుల దానధర్మములను గుఱించియు, వంశవృత్తాంతములను గుఱించియు విద్వాంసులు వ్రాయుట వాడుక. మేము వేఱొక చరిత్రము నెత్తికొంటిమి. పట్టభద్రుడైన యువకుడో, పట్టభద్రయైన యువతియో పైచదువునకై విశ్వవిద్యాలయమునకు దరఖాస్తు పెట్టుకొనుట నేడు మన యిండ్లలో తఱచుగ వినబడు మాట. ద్వారమునొద్ద నిలిచినవానిని ఏ కాలమున నేమి యడిగిరి, వాడేమి చెప్పి లోనికి పోగలిగెను, వానికెవరు తోడ్పడిరి అను ప్రశ్నలకు చరిత్ర మిచ్చు సమాధానములు విద్యానిధులను నడుపు పెద్దలకు ఉపయోగించునని మా తలంపు.

ఛాందోగ్యోపనిషత్తున నారదుడు సనత్కుమారుని చేరి విద్య నొసగుమని వేడును. సనత్కుమారుడు వెంటనే బోధకు పూనుకొనలేదు. ముందుగా నీ వెఱిగినదేదో చెప్పుము, దానికి మీదిది పిదప చెప్పెదనని యనెను. అంత నారదుడు నాలుగు వేదములను, ఇతిహాసపురాణములను, గణితమును, తర్కమును, నక్షత్రవిద్యను, ఇంకను పెక్కు శాస్త్రములను వరుసగా పేర్కొని, ఇన్ని చదివియు తాను మంత్రవేత్తయే గాని ఆత్మవేత్త కాడనియు, అందువలన దుఃఖించుచున్నాడనియు విన్నవించెను. నేటి విశ్వవిద్యాలయములు ముఖ్యముగా కోరునవి రెండును ఇందే యున్నవి. మొదటిది చదివిన చదువుల పట్టిక. రెండవది, ఆ చదువెచట నాగిపోయినదో, ఇక నేది తెలియవలసియున్నదో తెలుపు నివేదనము. మొదటిదానిని కళాశాలయే ముద్రవేసి యిచ్చును. రెండవదానిని విద్యార్థియే వ్రాయవలెను. మన పిల్లలు చాలమంది తెలిసినదానిని పెంచి చెప్పి, తెలియనిదానిని దాచుకొందురు. నారదుడు తెలియనిదానిని దాచలేదు. కనుకనే సనత్కుమారుడు బోధ నారంభించెను.

ప్రశ్నోపనిషత్తున మఱియొక ముచ్చట గలదు. సుకేశుడు మొదలగు ఆఱుగురు సమిధలు చేతబట్టి పిప్పలాదుని యొద్దకు వచ్చిరి. వారు అక్షరాభ్యాసమునకు వచ్చిన బాలురు కారు, ఇదివఱకే చదువుకొన్నవారు. పిప్పలాదుడు వారిని ఒక సంవత్సరము నియమముతో తనయొద్ద వసింపుమనియు, పిదప ఇష్టమైన ప్రశ్న లడుగుమనియు, తనకు తెలిసినయెడల చెప్పెదననియు పలికెను. 'తెలిసినయెడల' అను నా మాట గొప్పది. ప్రాథమికవిద్యలో గురువున కన్నియు తెలియునని శిష్యుడు నమ్మును. పరిశోధనలోనో, గురుశిష్యు లిరువురును తెలియని దానియెదుట నిలిచినవారే.

ప్రవేశమును గుఱించి ఉపనిషత్తులలో నున్న కథలలో మనబోటి కులసంఘమువారు విశేషముగా తలపోయవలసినది సత్యకామ జాబాలుని కథ. నీ గోత్రమేమని హారిద్రుమత గౌతము డడిగినపుడు, తన తల్లికిని అది తెలియదనియు, తాను జబాల కుమారుడగు సత్యకాముడ ననియు అతడు ఉన్నదున్నట్లు చెప్పెను. సత్యమునుండి తొలగలేదను నా యొక్క కారణముచేతనే గౌతముడు వానిని శిష్యునిగా గ్రహించెను. అడిగినది గోత్రము, ద్వారము తెఱచినది సత్యము.

ఉపనిషత్కాలమున గురువే ద్వారము. బౌద్ధవిహారములు మహావిద్యాలయములైన తరువాత ద్వారమునకు వేఱుగ పాలకు లేర్పడిరి. సప్తమ శతాబ్దమున నాలందలో చదివిన చీనాయాత్రికుడు హ్యూయన్‌త్సాంగు, అచట చేరగోరి వచ్చినవారిని ద్వారపాలకుడు కఠినప్రశ్న లడుగుచుండెననియు, పదిమందిలో ఏడెనిమిదిమంది ఉత్తరము చెప్పజాలక వెనుదిరుగుచుండిరనియు వ్రాసియున్నాడు. విక్రమశిలా విహారమునకు ఆఱుగురు ద్వారపండితు లుండిరనియు, తూర్పుద్వారమున రత్నాకరశాంతియు, ఉత్తరద్వారమున నారోపాదుడును నిలిచిరనియు టిబెట్టు చరిత్రకారుడు తారానాథుడు చెప్పెను. ద్వారమునొద్ద సామాన్యుడైన కావలివానిని గాక ఆ విద్యాలయపు అగ్రపండితులనే నిలుపుట గమనింపదగినది. ఎవరిని చేర్చుకొనవలెనను నిర్ణయము ఒక గుమాస్తా పనియని వారు తలపలేదు.

ఆ విహారములు నశించిన పిమ్మట, ఇంగ్లీషువారి యేలుబడిలో 1857వ సంవత్సరమున కలకత్తా, బొంబాయి, మదరాసులందు విశ్వవిద్యాలయములు వెలసినవి. లండను విశ్వవిద్యాలయపు మాదిరిని ఏర్పడిన ఇవి తొలుత పరీక్షలు జరిపి పట్టము లిచ్చుచుండెనే కాని, తామై బోధించుట లేదు. బోధించుటకు కళాశాలలు వేఱుగ నుండెను. 1904వ సంవత్సరపు చట్టము వీనికి బోధించు నధికారమును స్పష్టముగ నిచ్చినది. కలకత్తాలో ఆశుతోష్ ముఖర్జీ పూనికచే 1917లో పట్టభద్రుల బోధనశాఖలు నెలకొల్పబడినవి. తెలుగు దేశమున ఉస్మానియా 1918లోను, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లోను పుట్టినవి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు తొలి ఉపాధ్యక్షుడైన కట్టమంచి రామలింగారెడ్డిగారు స్వయముగ ప్రభుత్వ విద్యార్థివేతనముపై కేంబ్రిడ్జిలో చదివి వచ్చినవారే.

పాశ్చాత్యదేశములందు పరిశోధనమును బోధనతో జోడించిన పద్ధతికి, 1810లో నెలకొన్న బెర్లిను విశ్వవిద్యాలయము మార్గదర్శి యయ్యెను. అమెరికాలో యేల్ 1861లో ముగ్గురికి తొలి డాక్టరేటుల నిచ్చెను. 1876లో ప్రారంభమైన జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయము ప్రతిభావంతులకు ఏటికి 500 డాలర్ల భృతి నొసగి పిలుచుకొనెను. చదువుకొనువాడే ధనము చెల్లింపవలెనను నాచారమునకు ప్రక్కన, యోగ్యుని పోషించి చదివించుట విద్యాలయధర్మమను భావము అచట నాటుకొనెను. మన అన్నసత్రముల నెఱిగినవారికి ఈ భావము క్రొత్తది కాదు.

ఇక ఆ ద్వారములను చేరిన మనవారి చరిత్రము చూతము. 1883లో పదునెనిమిదేండ్ల ఆనందీబాయి జోషి ఫిలడెల్ఫియాలోని స్త్రీవైద్యకళాశాలకు దరఖాస్తు వ్రాసెను. స్త్రీ యొంటరిగ సముద్రము దాటుట తగదని స్వజనులు నిందించిరి. ఆమె శ్రీరామపురమున సభలో నిలిచి, ఈ దేశమున స్త్రీవైద్యుల కొఱత ఎంతటిదో, తానేల పోవుచున్నదో వివరించి చెప్పి మఱీ పయనమయ్యెను. 1886లో వైద్యపట్టము పొందెను. మఱుసటి యేట స్వదేశముననే ఇరువదిరెండేండ్లు నిండకయే క్షయవ్యాధిచే మరణించెను. ఆమె బ్రదుకు స్వల్పమైనను, ఆమె వేసిన బాట స్వల్పము కాదు.

1913వ సంవత్సరము జనవరిలో మదరాసు రేవుకచేరీ గుమాస్తా శ్రీనివాస రామానుజన్ కేంబ్రిడ్జి పండితుడు హార్డీగారికి ఉత్తరము వ్రాసెను. ఆయన ఎఫ్.ఏ. పరీక్షలో తప్పినవాడు. ఆ యుత్తరమున తన కొలువును, స్వల్పమైన జీతమును, తనకు విశ్వవిద్యాలయపు విద్య లేమిని దాచక చెప్పి, తాను కనుగొన్న గణితసిద్ధాంతములను జతపఱచెను. నారదుని నివేదనము వంటిదే యిది. మదరాసు విశ్వవిద్యాలయము నిబంధనలను సడలించి పట్టములేని ఆయనకు నెలకు 75 రూపాయల పరిశోధకవేతన మిచ్చెను. 1914లో ఆయన కేంబ్రిడ్జి చేరి, 1916లో పరిశోధనముచేతనే పట్టము పొందెను. అయితే హార్డీగారికి ఉత్తరము వ్రాయుటకు ముందే, నెల్లూరు కలెక్టరుగ నుండిన దివాన్ బహద్దూరు ఆర్. రామచంద్రరావుగారు ఆయన గణితపుస్తకమును స్వయముగ పరిశీలించి, కొంతకాలము నెలనెల ధనసహాయము చేసిరి. ఆ సహాయము అందినది కీర్తి వచ్చిన తరువాత గాదు, ద్వారము కానరాని దినములలో.

ఆ 1913లోనే భీమరావ్ అంబేడ్కరుగారు బరోడా మహారాజు సయాజీరావు గాయకవాడు ఒసగిన విద్యార్థివేతనముపై న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున చేరిరి. ఆ వేతనము మూడేండ్లకు, నెలకు పదునొకటిన్నర పౌనులు. 1915లో ఎం.ఏ. పట్టము పొందిరి. గడువు ముగియగా 1917లో లండను చదువు మధ్యలోనే మరలి వచ్చి బరోడా కొలువున చేరిరి. అంతటి విద్వాంసునకు ఆ నగరమున అద్దెయిల్లు దొరకకుండుటకు కులమే యడ్డమయ్యెను. బొంబాయిలో ఆచార్యుడుగ పనిచేసి కూడబెట్టిన సొమ్ముతోను, కొల్హాపురపు షాహూ మహారాజు, ఒక పారశీక మిత్రుడు చేసిన తోడ్పాటుతోను 1920లో మఱల లండను చేరి చదువు పూర్తిచేసిరి. విద్యాలయపు ద్వారము తెఱచినను వీథిలోని ద్వారములు మూసియుండునని ఈ చరిత్రము మనకు చెప్పుచున్నది.

తెలుగువారికి మిక్కిలి చేరువైన దృష్టాంతము భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారిది. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందున ఒక ఆచార్యుని యాగ్రహమునకు గుఱియై, ఎం.బి.బి.యస్.కు మాఱుగ తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. పట్టముతో బయటపడిరి. అట్టివారు హార్వర్డు ఉష్ణమండల వైద్యశాలకు పోవుటకు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ వాగ్దానముచేసిన సహాయమును, మామగారు సమకూర్చిన ధనమును ఆధారమైనవి. అచట ఆసుపత్రిలో రాత్రులు హీనమైన పనులు చేసి పొట్టపోసికొనుచు చదివిరి. 1925లో రక్తాదులయందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ఫిస్కేతో కలసి ప్రకటించిరి. 1930లో హార్వర్డు డాక్టరేటు పొందిరి. దాత రంగూనులో వర్తకముచేసి ధనమార్జించినవాడు; ఆయన కులము వేఱు, సుబ్బారావుగారి కులము వేఱు. ఆ ధర్మము కులమును దాటి పోయినందుననే అది కాకినాడ హద్దును కూడ దాటి లోకమునకు మేలుచేసినది.

నేటి పద్ధతిని గూడ సంగ్రహముగ చెప్పవలెను. అమెరికా విశ్వవిద్యాలయములు చదువుల పట్టికను, ఉద్దేశనివేదనమును, సాధారణముగ ముగ్గురు ఆచార్యుల యోగ్యతాలేఖలను కోరును. 1930ల ఉత్తరార్ధమున పుట్టిన జి.ఆర్.ఇ. పరీక్షను ఇటీవల పెక్కుశాఖలు వదలుకొన్నవి. ఆంగ్లభాషాపరీక్షయగు టోఫెల్ 1964నుండి యున్నది. మన దేశమున ఇంజనీరింగు మొదలగు విద్యలకు గేట్ పరీక్ష ద్వారపాలకుడు. అమెరికాలో శాస్త్రవిషయములందు డాక్టరేటునకు చేర్చుకొన్నవారికి బోధనరుసుము మినహాయించి, బోధనసహాయమునకో పరిశోధనసహాయమునకో భృతి నిచ్చుట సామాన్యాచారము. ఎం.ఎస్. చదువున కట్లు గాదు. దాని వ్యయము తఱచుగ కుటుంబముమీద పడును. ఈ భేదము తెలియక పొలములు తాకట్టుపెట్టిన తండ్రులు గలరు. దరఖాస్తుకు ముందే దీనిని విచారించుట విద్యార్థి మొదటి పాఠము.

మఱియొక యనర్థము ప్రబలినది. ఉద్దేశనివేదనమును కూలికి వ్రాసియిచ్చువా రేర్పడిరి. ఒకే నివేదనము పేరుమార్చి పదిమందికి తొడిగిన అంగీవలె తిరుగుచున్నది. ద్వారమునొద్ద నారదునకు మాఱుగ కిరాయివాడు మాటలాడినచో సనత్కుమారుడు ఎవరికి బోధింపవలెను? యోగ్యతాలేఖల సంగతియు నిట్టిదే. గొప్పవారి సంతకము గొప్పదని తలచి, మన పెద్దల నాశ్రయించి లేఖలు పుచ్చుకొనుట వాడుకయైనది. విద్యార్థి చేసిన పనిని ప్రయోగశాలలో చూచిన చిన్న ఉపన్యాసకుని లేఖ, వానిని పెండ్లిలో చూచిన మంత్రిగారి లేఖకంటె బలమైనది. ఉపాధ్యాయవృత్తిలో జీవితము గడపినవారము గనుక ఈ మాట నిస్సంకోచముగ చెప్పుచున్నాము. పోషకమహాశయులు మన్నింతురు గాక.

చరిత్రమునుండి మేము గ్రహించినది సభవారికి విన్నపముగ సమర్పించుచున్నాము. కులసంఘములు సామాన్యముగ జయము పొందినవానికి పతకమిచ్చి సన్మానించును. అది మంచిదే. కాని రామచంద్రరావుగారును, నాయకరుగారి ధర్మసంస్థయు తోడ్పడినది జయమునకు ముందు. పరీక్షరుసుము, దరఖాస్తురుసుము, ప్రమాణపత్రములు తెప్పించుకొను ఖర్చు, ప్రయాణపుఖర్చు ఇవి ధనికునకు లెక్కలోనివి గావు. పేదవానికి అవియే కోటగోడలు. కావున విద్యానిధిలో నొక భాగమును ద్వారమునొద్దనే వ్యయపఱచుట యుక్తము. చదువు ముగిసి ఆర్జించువారు ఆ మొత్తమును మఱల నిధికి చేర్చినచో ధారయు తెగదు.

రెండవది, మనలో డాక్టరేటులు పొందినవారు ఏటికి కొన్ని దినములు ద్వారపండితులై కూర్చుండవలెను. దరఖాస్తు వ్రాసియిచ్చుట వారి పని గాదు. నీవేమి చదివితివి, నీకేది తెలియదు, ఆ విద్యాలయమునే యేల కోరితివని యడిగి, పిల్లవాడు తన మాటలతో తాను చెప్పువఱకు విడువకుండుట వారి పని. పల్లెనుండి వచ్చిన పిల్లలకు, అందును ఆడపిల్లలకు, అట్లడుగువారు ఇంటిలో నుండరు.

మూడవది చెప్పుటకు కొంత సాహసము కావలెను. నిధి మన కులస్థులు కూర్చినది. మన పిల్లలకే ముందు చెందవలెననుట న్యాయమే. ఐనను ప్రతియేట ఒక్క విద్యార్థికైన కులము నడుగక సహాయము చేయుదమని ఈ మహాసభ తీర్మానించిన బాగుండునని మా ప్రార్థన. సుబ్బారావుగారికి కాకినాడలో వాగ్దానము దొరకినపుడు దాతకులము, గ్రహీతకులము ఒకటి కావలెనని యెవరైన పట్టుబట్టియుండినచో, ఆ వాగ్దానము నోటనే నిలిచిపోయియుండును.

ఈ మహాసభ ముగియులోపల విద్యానిధి లెక్కలు సభ్యుల యెదుటకు వచ్చును. ఆ పత్రమున బహుమానముల పద్దు ప్రక్కన 'ప్రవేశార్థుల సహాయము' అను క్రొత్తపద్దును, దానియెదుట ఎంత చిన్నదైనను ఒక అంకెను చూడగోరుచున్నాము.